యాపిల్ పై, గుమ్మడి పైల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా థాంక్స్ గివింగ్ పండగ మీద వచ్చిన వ్యాసం చదివాను. టర్కీ కోడిని ఎన్ని గంటలు కాలుస్తారో, న్యూయార్క్‌లో ఊరేగింపు ఎలా సాగుతుందో, మర్నాడు బ్లాక్ ఫ్రైడేకి టీవీల ధరలు ఎంత తగ్గుతాయో వివరంగా రాశారు. భోజనం చివర వడ్డించే వాటికి మాత్రం ఒక్క వాక్యం దక్కింది: గుమ్మడికాయ కేక్ లాంటి స్వీటు తింటారని. అది కేక్ కాదండీ, దాన్ని 'పై' (pie) అంటారు. ఈ పండగ వంటలో సగం పని, నన్నడిగితే సగానికి మించిన సంతోషం, ఆ పైలలోనే ఉంది. మాది తణుకు. చాలా ఏళ్లుగా ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియాలో ఉంటున్నాం. గుమ్మడి పైకీ మా ప్రాంతానికీ దగ్గరి సంబంధం ఉంది కాబట్టి ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఎప్పుడూ చూడనివారి కోసం ముందు అదేమిటో చెబుతాను. అంచులు ఏటవాలుగా ఉండే తొమ్మిది అంగుళాల పళ్లెంలో, మైదా, వెన్న కలిపి ఒత్తిన పలచని రొట్టె పరుస్తారు. దాంట్లో పండ్ల ముక్కలో, గుమ్మడి గుజ్జో, అక్రోటు లాంటి పెకాన్ పప్పులో నింపి ఓవెన్‌లో పెడతారు. యాపిల్ పైకి మూతగా ఇంకో రొట్టె వేసి, ఆవిరి పోవడానికి గాట్లు పెడతారు. గుమ్మడి పైకి మూత ఉండదు. కష్టమంతా ఆ రొట్టెలోనే. కొట్లో కొన్నదానికీ ఇంట్లో చేసినదానికీ తేడా తెలిసేది కూడా అక్కడే.

పండగ నవంబరు నాలుగో గురువారం. పైలు చేసేది బుధవారం. గురువారం పొద్దున్నుంచి ఓవెన్ టర్కీకే సరిపోతుంది, ఇక దేనికీ చోటుండదు. ఆ బుధవారం సాయంత్రం మా వీధిలో నడిస్తే ఏ ఇంటి ముందు ఆగినా దాల్చినచెక్క, కాలిన వెన్న వాసన వస్తుంది. నాకు ఈ పని నేర్పింది మా పక్కింటి పెద్దావిడ. మొక్కజొన్న పండించే రైతు కుటుంబంలో పెరిగిన మనిషి. ఒకటింపావు కప్పు మైదా, అర టీస్పూన్ ఉప్పు, 113 గ్రాముల వెన్న, మూడు నాలుగు టేబుల్ స్పూన్ల ఐసు నీళ్లు, ఒక రొట్టెకి ఇంతే సరుకు. వెన్న అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసి ముక్కలు కోసి, పిండిలో వేళ్ల కొసలతో గబగబా నలపాలి. బఠాణీ గింజంత ముక్కలు ఇంకా కనిపిస్తుండగానే ఆపేసి, నీళ్లు చిలకరించి, ముద్ద విడిపోకుండా దగ్గరికి తీస్తే చాలు. గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టాకే ఒత్తాలి.

కజ్జికాయలకి వేడి నెయ్యి పోసి పిండిని బాగా మర్దించే చేతులు మనవి. ఇక్కడ పద్ధతి అంతా తిరగేసి ఉంటుంది. వెన్న ముక్కలు కరగకుండా ఓవెన్‌లోకి వెళ్లాలి. ఆ వేడికి వెన్నలోని నీరు ఆవిరై పిండి పొరలను విడదీస్తుంది. చేతి వేడికే కరిగిపోయిందా, పొరలు రావు. ఎక్కువ పిసికితే మైదాకి సాగుడు వచ్చి, ఒత్తిన రొట్టె వెనక్కి ముడుచుకుపోతుంది. అందుకే ఆవిడ పిండి ముట్టుకునే ముందు చేతులు చన్నీళ్ల కింద పెట్టుకునేవారు, నన్నూ పెట్టుకోమనేవారు. ఖాళీ రొట్టెను ముందుగా కాల్చాల్సి వస్తే పొంగకుండా దాని మీద కాగితం పరిచి ఎండు గింజలు పోస్తారు. నేను దానికి శనగలు వాడతాను, ఒక సీసాలో వేరుగా పెట్టుకుని ఏటా అవే.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆవిడ మనవరాలు దగ్గర్లోని బ్లూమింగ్టన్‌లో ఉంటుంది. కిందటేడు నవంబరులో ఫోన్ చేసి, "నానమ్మ పిండి ఎలా కలిపేదో మీకు తెలుసు కదా, నాకు నేర్పుతారా?" అని అడిగింది. వచ్చి, మా వంటింట్లో మా అప్పడాల కర్రతో వాళ్ల నానమ్మ పద్ధతిలో రొట్టె ఒత్తింది. సంపాదకులు గారూ, నేనీ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. ఈ వంట ఇప్పుడు మన ఇళ్లలోకీ వచ్చింది. టర్కీని మన వాళ్లు కొందరు మానేస్తారు, కొందరు బిర్యానీ చేసేస్తారు. పైని మాత్రం చాలా ఇళ్లలో ఉన్నదున్నట్టుగా, శ్రద్ధగా నేర్చుకుని చేస్తున్నారు. మన చేతుల మీదుగా నడుస్తున్న వంటను మన భాషలోని పత్రిక ఎక్కడో దూరదేశపు వింతలా దాటేస్తే నాకు బాధేసింది.

ఇక గుమ్మడికాయ. మా ఊరి నుంచి ఇల్లినాయ్ నది దాటి వెళ్తే మోర్టన్ అనే చిన్న ఊరు వస్తుంది. తనను ప్రపంచ గుమ్మడి రాజధాని అని చెప్పుకుంటుంది, ఏటా సెప్టెంబరులో గుమ్మడి పండగ జరుపుకుంటుంది. అమెరికాలో అమ్ముడయ్యే డబ్బా గుమ్మడి గుజ్జులో చాలా భాగం అక్కడి లిబ్బీస్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేదే. వాళ్లు వాడే డికిన్సన్ రకం కాయ బొమ్మల్లో చూపించేలా ఎర్రగా గుండ్రంగా ఉండదు. కోలగా, గోధుమ రంగు తొక్కతో ఉంటుంది. మన సంతల్లో చెక్కలు కోసి అమ్మే తీపి గుమ్మడి ఉందే, చాలావరకు అది కూడా ఇదే జాతి, శాస్త్రవేత్తలు కుకుర్బిటా మొస్కేటా అంటారు. ఈ జాతి పుట్టిల్లు అమెరికా ఖండమే. హాలోవీన్‌కి కళ్లూ ముక్కూ చెక్కి గుమ్మం ముందు పెట్టే కాయ వేరే జాతి. నీరెక్కువ, పీచెక్కువ, రుచి తక్కువ. పారేయడానికి మనసొప్పక దానితోనే పై చేసేవాళ్లు మన వాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఇది ఎవరైనా చెప్పాలి. 2009లో మా దగ్గర వానలు ఆగకుండా కురిసి, ట్రాక్టర్లు పొలాల్లోకి దిగలేక, కాయలు మట్టిలోనే కుళ్లిపోయాయి. ఇక్కడి కొన్ని పొలాలు తడిస్తే దేశమంతటా డబ్బాలకు కొరత వచ్చింది.

డబ్బా గుజ్జు వాడితే ఇంట్లో చేసినట్టు ఎలా అవుతుందని మా అక్క ఫోన్‌లో వాదిస్తుంది. నా దృష్టిలో అవుతుంది. రొట్టె మన చేత్తో ఒత్తాం, మసాలా మనం నూరాం, ఓవెన్ దగ్గర మనం కాపలా ఉన్నాం. 425 గ్రాముల గుజ్జు, ముప్పావు కప్పు చక్కెర, రెండు గుడ్లు, ఒక డబ్బా ఎవాపరేటెడ్ మిల్క్ (చక్కెర లేకుండా చిక్కబరిచిన పాలు), టీస్పూన్ దాల్చినచెక్క పొడి, అర టీస్పూన్ శొంఠి, పావు టీస్పూన్ లవంగాల పొడి, అర టీస్పూన్ ఉప్పు. ముందు 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పావుగంట, తర్వాత 350కి తగ్గించి నలభై, యాభై నిమిషాలు. ఇది డబ్బా మీద అచ్చేసి ఉన్న కొలతే, పక్కింటావిడ కూడా ఇదే చేసేవారు. నేను కొంచెం జాజికాయ అరగదీసి వేస్తాను. అంచులు గట్టిపడి నడిమధ్య ఇంకా వణుకుతుండగానే తీసేయాలి. వణుకు ఆగేదాకా ఉంచితే చల్లారాక పగుళ్లిస్తుంది. గుడ్లు, పాలు ఉన్న పై కాబట్టి ఓవెన్ నుంచి తీసిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. చలికాలమే కదా అని రాత్రంతా వంటగట్టు మీద వదిలేయకూడదు. యాపిల్ పైకి ఆ భయం లేదు.

మీ వ్యాసంలో 1621లో ప్లిమత్ దగ్గర ఇంగ్లండ్ వలసదారులు చేసుకున్న, ఈ పండగకు మూలమని చెప్పే విందు గురించి రాశారు, మంచిదే. కానీ ఆ బల్ల మీద పై లేదు. ఉండే అవకాశమే లేదు. ఆ వలసదారుల దగ్గర రొట్టెకి కావలసిన గోధుమ పిండి, వెన్న లేవు. గుమ్మడి మాత్రం అక్కడి మూలవాసులైన వాంపనోగ్ ప్రజలు ఎన్నో తరాలుగా పండిస్తున్నదే. వాళ్ల వారసులు 1970 నుంచి ఏటా ఇదే గురువారాన్ని ప్లిమత్‌లో సంతాప దినంగా పాటిస్తున్నారు. ఆ మాట మీ వ్యాసంలో ఉండాల్సింది. గుమ్మడిని రొట్టెలో పోసి కాల్చే పద్ధతి 1796లో అచ్చయిన అమేలియా సిమన్స్ వంటల పుస్తకంలో కనిపిస్తుంది. ఇప్పటి పండగకు రూపం తెచ్చినావిడ మీ వృత్తిలోనే ఉన్న మనిషి. సారా జోసెఫా హేల్ అని, ఆడవాళ్ల పత్రికకు సంపాదకురాలు. 1827లో రాసిన నవలలోనే థాంక్స్ గివింగ్ భోజనాన్ని వర్ణిస్తూ గుమ్మడి పైకి పెద్ద పీట వేసింది. దేశమంతా ఒకే రోజు ఈ పండగ చేసుకోవాలని ఏళ్ల తరబడి సంపాదకీయాలు, ఉత్తరాలు రాసింది. 1863 సెప్టెంబరులో లింకన్‌కి రాసింది, అక్టోబరు 3న ఆయన ప్రకటన వచ్చింది. నాలుగో గురువారం అని చట్టం చేసింది మాత్రం 1941లో.

మిగతా రెండు పైల గురించి కూడా చెప్పాలి. మా అమ్మాయి చదివిన బడిలో పనిచేసే నల్లజాతి టీచర్ ఒకావిడ ప్రతి ఏడూ చిలగడదుంప పై తెస్తారు. ఆవిడ ఇంట్లో గుమ్మడి పై చేయనే చేయరు. దక్షిణాది నల్లజాతి కుటుంబాలకు పండగ పై అంటే చిలగడదుంపదే. నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో రైతుల కోసం రాసిన చిలగడదుంప కరపత్రంలో కూడా పై చేసే పద్ధతి ఉంది. దుంపను ఉడకబెట్టకుండా తొక్కతోనే కాల్చి గుజ్జు తీయాలని ఆ టీచర్ చెప్పారు, తీపి చెదరదట. అలా చేసి చూశాను, ఆవిడ మాట నిజం.

పెకాన్ పై సంగతి తలుచుకుంటే నాకు మనసు భారమవుతుంది. పెకాన్ ఈ నేల మీద పుట్టిన చెట్టు, మన అక్రోటు కుటుంబానిదే. అడవి చెట్ల కాయలు ఒక్కోటి ఒక్కోలా ఉండేవి. లూసియానాలో ఓక్ ఆలీ అనే తోటలో బానిసగా ఉన్న ఆంటోయిన్ అనే తోటమాలి 1846-47 చలికాలంలో మంచి చెట్టు కొమ్మలను వేరే మొదళ్లకు అంటుకట్టి నిలబెట్టాడు. 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి పొందిన సెంటెన్నియల్ రకం అతని చేతిదే. అతని ఇంటిపేరు కూడా ఏ కాగితంలోనూ లేదు. ఆ పై కోసినప్పుడు మా పిల్లలకి అతని పేరు చెబుతాను.

శాకాహారులకు రెండు మాటలు. పండగ భోజనంలో వాళ్లు కడుపు నిండా తినగలిగింది ఈ చివరి వడ్డనే, కానీ చూసి తినాలి. రెడీమేడ్ రొట్టెల్లో కొన్నిటిలో పంది కొవ్వు ఉంటుంది. చిలగడదుంప కూర మీద వేసే దూదిలాంటి మిఠాయి మార్ష్‌మాలోలలో మామూలుగా జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. మొహమాటపడకుండా లేబుల్ అడగండి, పిలిచినవాళ్లు ఏమీ అనుకోరు. గుడ్డు కూడా తిననివారికి యాపిల్ పై చాలా హాయి. మెరుపు కోసం పైన గుడ్డు పూయడం మాని పాలు పూస్తే సరిపోతుంది. గుమ్మడి పైలో గుడ్ల బదులు పావు కప్పు కార్న్ స్టార్చ్ కలిపి, కాల్చాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ముక్క చక్కగా నిలబడుతుంది. మా అత్తగారు వచ్చినప్పుడల్లా అలాగే చేస్తాను. ఆవిడ రెండో ముక్క అడిగి వేయించుకుంటారు.

మీ పాఠకుల్లో ఎంతోమంది తల్లులు ఈ కాలంలో పిల్లల దగ్గరికి వస్తుంటారు. చలికి బయటికి వెళ్లలేక ఇంట్లోనే ఉండిపోతారు. పిండి ఒత్తడంలో వాళ్ల చేతికి ఉన్న నేర్పు ఇక్కడ పుట్టినవాళ్లకి రాదు. బుధవారం నాడు మనవలతో కలిసి ఒక పై చేయమనండి. వచ్చే నవంబరు మొదటి వారంలో మీ మహిళల పేజీలో యాపిల్ పై, గుమ్మడి పై చేసే విధానం పూర్తిగా వేయండి. ఇది నా విన్నపం. పరాయివాళ్ల ఇంటికి భోజనానికి వెళ్లే కొత్త జంటలకు కూడా, కొట్లో కొన్న డబ్బా పట్టుకెళ్లే బదులు చేత్తో చేసింది పట్టుకెళ్లే ధైర్యం వస్తుంది.

వేసేటప్పుడు కొలతలు కప్పులతోపాటు గ్రాముల్లో కూడా ఇవ్వండి, వేడి సెల్సియస్‌లో ఇవ్వండి: 425 ఫారెన్‌హీట్ అంటే దాదాపు 220, 350 అంటే 175. ఎవాపరేటెడ్ మిల్క్‌కి బదులు మన వాళ్లు తీపి కండెన్స్‌డ్ మిల్క్ పోసేస్తుంటారు, అది వేరే అని పెద్ద అక్షరాల్లో రాయండి. ఎవాపరేటెడ్ మిల్క్‌లో చక్కెర ఉండదు. ఆంధ్రాలో, తెలంగాణలో అది దొరకని ఊళ్లలో చిక్కటి పాలు సగం కంటే కాస్త తక్కువయ్యేదాకా మరిగించి, చల్లార్చి, వడకట్టి వాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పియోరియా, ఇల్లినాయ్