రోజు అద్దె ఫ్లాట్లకు నిబంధనలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మన హైదరాబాద్‌లో కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు స్టూడియో ఫ్లాట్లు (వంటా పడకా ఒకే గదిలో ఉండేవి) కొని రోజు అద్దెకు ఇవ్వండంటూ కరపత్రాలు పంచుతున్నారు. 'రోజుకు రెండు వేలు, నెలకు అరవై వేలు' అని లెక్క. నెలలో ముప్పై రోజులూ మనుషులు దిగుతారని ఎవరు హామీ ఇస్తారు? సగం రోజులు నిండితే ముప్పై వేలు. అందులోనే గదులు బుక్ చేసే యాప్ కమీషన్, దుప్పట్లు ఉతికించడం, ఊడ్చి తుడిచే మనిషి జీతం, కరెంటు, మెయింటెనెన్స్ పోవాలి. మిగిలింది ఈఎంఐకి చాలుతుందా? పీఎఫ్ డబ్బు తెచ్చి పెట్టే చిరుద్యోగికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. పైగా కొందరు ప్రీలాంచ్ అంటూ, అనుమతులు రాకముందే డబ్బు కట్టించుకుంటున్నారు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాల్సిన ప్రాజెక్టుకు ఆ నంబరు రాకముందే ప్రకటన ఇవ్వడం కూడా 2016 చట్టం ప్రకారం తప్పే.

అలాగని రోజు అద్దె ఇళ్లు వద్దని నేను అనను. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రుల చుట్టుపక్కల చూడండి. రేడియేషన్ చికిత్స అంటే చాలామందికి వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు తిరగాలి. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాళ్లు లాడ్జి గదిలో జావ కాచుకోవాలంటే పొయ్యి ఏది? గ్యాస్ స్టవ్, ఫ్రిజ్ ఉన్న పాత సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు దొరికితే వాళ్లకు కొండంత ఊరట. కాస్త పొదుపు చేసుకున్న మధ్యతరగతి మనిషి కొంటే అలాంటిది కొనాలి.

కొన్నాక అసలు టెన్షన్ మొదలవుతుంది. ఇంట్లో గదులను పర్యాటకులకు ఇచ్చేవారి కోసం ఉన్న కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో చేరాలంటే యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. విడిగా కొన్న ఫ్లాటు అందులోకి రాదు. ఒక అపార్టుమెంటులో ఏ అభ్యంతరమూ ఉండదు, పక్కదాని లిఫ్టులోనే 'రోజు అద్దెలు నిషేధం' అని నోటీసు అంటించి ఉంటుంది. అసోసియేషన్లను తప్పుపట్టలేం. అర్ధరాత్రి పెట్టెలతో దిగేది ఎవరో తెలియకపోతే పిల్లలున్న ఇళ్లలో భయం ఉండదా? విదేశీయులు బస చేస్తే 24 గంటల్లో అధికారులకు తెలియజేయాలన్న సంగతైనా ఎంతమంది యజమానులకు తెలుసు?

గోవాలో ఇలాంటి ఇళ్లను పర్యాటక శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. మన దగ్గరా నగరపాలక సంస్థ, పోలీసు శాఖ కలిసి ఆ పని మొదలుపెట్టాలి. ప్రతి ఫ్లాటుకూ ఒక నమోదు సంఖ్య ఇవ్వాలి, అది యాప్‌లో కనిపించాలి. దిగేవారి గుర్తింపు వివరాలు, ఇరుగుపొరుగు ఫోన్ చేస్తే పలికే బాధ్యుడి నంబరు తప్పనిసరి చేయాలి. ఒకటి రెండు ఫ్లాట్లున్నవారికి నామమాత్రపు ఫీజు చాలు. రోజు అద్దెకు అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో అమ్మేవాడే రాతపూర్వకంగా చూపించాలి, అదీ అడ్వాన్సు తీసుకోకముందే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్