కాటి సీను రాత్రి మా పిల్లాణ్ణి ఎత్తుకున్న ఆవిడకి

నిన్న రాత్రితో మా సమాజం ఈ ఏడాది నాటకాలు అయిపోయాయి. ఉగాదికి తెనాలిలో రెండు సాంఘిక నాటికలతో మొదలుపెట్టాం. మధ్యలో తిరుపతి వెంకట కవుల రాయబారం సీను చుట్టుపక్కల ఊళ్ళలో వేశాం. నిన్న పక్క ఊళ్ళో, ఓపెన్ ఎయిర్ స్టేజీ మీద, బలిజేపల్లి వారి హరిశ్చంద్రతో ముగించాం. నా గొంతు పూర్తిగా పోయింది. పడుకుని లేచాక రాద్దామంటే నిద్రే పట్టడం లేదు.

పద్యనాటకం చూసేవాళ్ళకి తెలుసు, ఒకే రాత్రి హరిశ్చంద్రులూ చంద్రమతులూ సీను సీనుకీ మారుతుంటారు. నాది కాటి చంద్రమతి, మా ఆయన కాటి హరిశ్చంద్రుడు. అంటే ఆఖరి సీనులో ఇద్దరం స్టేజీ మీదే. మా అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది. ఏడాదిన్నర పిల్లాడికి సాయంత్రం నుంచి ఒళ్ళు కాలిపోతోంది. సిరప్ పట్టించాను, కక్కేశాడు.

గేటు దగ్గర ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే ఆవిడ, ఎవరో చెప్పిన పొట్లాలు ఇవ్వడానికి గ్రీన్ రూములోకి వచ్చింది. పిల్లాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. బుట్ట కింద పెట్టి, నన్ను అడక్కుండానే వాణ్ణి భుజానేసుకుంది. "నువ్వెళ్ళి జుట్టు ఇప్పుకో తల్లీ, నీ సీను వచ్చేస్తోంది" అంది. బేరం పోతుందేమో అన్నాను. "శెనక్కాయలెక్కడికి పోతాయి" అంది. కాటి సీనుకి ముందే జనం కొనుక్కునేది, ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

లోహితుడి శవం మీద పడి ఏడ్చేటప్పుడు పక్క తెర వెనక నుంచి మా వాడి ఏడుపు వినపడుతుందేమోనని నా చెవులు అటే ఉన్నాయి. వినపడలేదు. సీను అయ్యాక పరిగెత్తుకెళ్ళి చేతులు చాచాను. ఆవిడ ఇవ్వలేదు. "ఆ జుట్టూ ఆ మొహమూ చూస్తే జడుసుకుంటాడు, ముందు కడుక్కో" అని, మేకప్ బల్ల మీది కొబ్బరినూనె ఓ చేత్తో తీసుకుని తనే నా మొహానికి రాసి, తన కొంగుతోనే రంగు తుడిచింది. ఆ తరవాతే పిల్లాణ్ణి ఇచ్చింది. వాడి ఒళ్ళు చల్లబడింది, నుదుటి మీద తడిగుడ్డ. స్టేజీ మీద ఏడ్చింది ఏమీ కాదు, అక్కడ కూర్చుని ఏడ్చాను. డబ్బులిస్తే తోసేసింది. పేరడిగితే నవ్వి, "పద్యం బాగా ఎత్తుకున్నావు గానీ, సగం వినపళ్ళేదమ్మా" అంది.

ఎలా వినపడుతుంది? పది కొట్టగానే మైకు కట్టేయించారు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో 15 రోజుల దాకా అర్ధరాత్రి 12 వరకూ మైకుకి అనుమతి ఇవ్వచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ కాగితం పట్టుకుని మా సెక్రటరీ గారు అనుమతి ఇచ్చే ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. "నాటకానికి ఎవరొస్తారండీ" అన్నారట. అదే వీధిలో డీజే బండి తెల్లవారుజాము దాకా మోగింది, దానికి ఏ కాగితమూ అక్కర్లేకపోయింది. కాటి సీనులో కలిపి పాడే జాషువా గారి శ్మశానవాటి పద్యాలు మా ఆయన వట్టి గొంతుతో పాడుతుంటే జనం కుర్చీలు ఎత్తుకుని స్టేజీ దగ్గరకి జరిగారు, అది వేరే సంగతి. ఇంక ఆడవాళ్ళ బాత్రూముకి తాళం. అద్దె మాత్రం ముందే కట్టించుకున్నారు, తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కే తెలియదు. చీరలు కట్టుకుని, కిరీటాలు పెట్టుకుని పక్కింటి వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాం. తలుపు తీసిన ఆ ఇంటి అమ్మగారికీ నమస్కారం.

మా ఆయనకి, అత్తయ్యకి థాంక్స్ అంటే బాగోదు, ఇంట్లోవాళ్ళు.

అయ్యో, హార్మోనియం మాస్టారు! మైకు లేకపోయేసరికి నా శ్రుతి జారకుండా పక్కకి వచ్చి కూర్చుని వాయించారు. దోమలు కుడుతున్నా కదలకుండా శవంలా పడుకున్న మా లోహితుడు, ఆరో క్లాసు కుర్రాడు. కిరీటాల పెట్టెలు ఆటోలో వేసి పైసా తీసుకోని డ్రైవరన్న. టీ తెచ్చిన తమ్ముడు.

జనరేటరు మా మరిది తెచ్చాడు. పైన రాయలేదని ఇప్పుడే ఫోన్ చేసి అలిగాడు, అందుకని ఇది.