ఆకు రాలినాక అగ్గిలైను ఇంకోసారి చూడు

బంగారూ,

నువ్వు ఫోను చేసి ఇరవై రోజులైంది. అడవిలో సిగ్నలు ఉండదని తెలుసు, అందుకే అడగడం లేదు. మీ అమ్మ గోంగూర ఊరగాయ పెట్టింది, శీనుగాడి చేత పంపిస్తాం. నువ్వు కాపలా చూసే అడవి, మీ బీటు వైపు కొండకు అగ్గి పడిందని ఆత్మకూరు బస్సులో ఎవరో అంటుంటే వాడు విన్నాడంట. బస్సులో మాటలు నేను నమ్మను.

నిన్న అటక దులిపితే మీ అబ్బ నేల కొలిచే చైను దొరికింది. 66 అడుగులు, 100 లింకులు, పది లింకులకొక ఇత్తడి బిళ్ళ. 10 చైన్ల పొడవు, ఒక చైను వెడల్పు అంటే ఎకరా. 1938లో ఆయన గార్డుగా చేరినప్పుడు నడిచేది 1882 నాటి మద్రాసు అటవీ చట్టమే. హద్దు మలుపు మలుపుకూ రాళ్ళకుప్ప, దానికి సున్నం, నంబరు. చెట్టు కొట్టిస్తే దుంగకూ, నేలలో మిగిలిన మొద్దుకూ ఒకే నంబరు, సుత్తి ముద్ర. రెండూ కలవకపోతే దొంగకలపే. పశువులు పడితే బందెలదొడ్డికి తోలడం, రాత్రి లాంతరు కింద డైరీ.

అగ్గిలైన్లు, అంటే మంట దాటకుండా అడవిలో వదిలే ఖాళీ పట్టీలు, కాల్చడం వేరే పని. ఒక ఏడు పుష్యంలో అరచైను వెడల్పున గడ్డి కోయించి, లైను మధ్యకు లాగించి, అడవి ఇంకా పచ్చిగా ఉండగానే పొద్దుగుంకినాక కాల్పించినాడు. మంచు దిగేవేళ మంట ఎగరదు. ఎగువ నుంచి దిగువకు, గాలికి ఎదురుగా. రెండు పక్కలా పచ్చికొమ్మలతో మనుషులు. నల్లగీత నున్నగా వచ్చింది. రెండు నెలలకు టేకాకు రాలి ఆ గీత మీదే పరుచుకుంది. విస్తరంత ఆకు, పెళపెళలాడుతుంది. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు చెట్టుకింద చెత్త కాల్చుకుంటే మంట ఆ ఆకు పట్టుకొని లైను దాటేసింది. ఎదురుమంట పెట్టి ఆపినారు. అందరూ ఇళ్ళకు పోయినా మీ అబ్బ పోలేదు. పడిపోయిన మద్దిదుంగ కడుపులో నిప్పుంది, పొగ కూడా లేదు. చెయ్యి తిరగేసి దగ్గర పెడితే సెగ తెలిసింది. గొడ్డలితో చీల్చి, మన్ను కలిపి, మళ్ళీ చెయ్యి పెట్టి చూసి, నాలుగు రోజులు అక్కడే. వాలు మీది దుంగను వాలుకు అడ్డం తిప్పకుండా నిలువునా తిప్పి రాయి ఆనించినాడు, లేకుంటే దొర్లిపోయి దిగువ అంటిస్తుందని.

అందుకే చెప్తున్నా, డిసెంబరులో కోసిన లైను చాలనుకోవద్దు. ఆకు రాలినాక ఇంకోసారి ఊడ్పించు. ఇప్పపువ్వుకు ముందే గూడేనికి పోయి పెద్దమనిషితో కూర్చో. కాల్చొద్దని కేకలేయడం కాదు, చెట్టుకింద ఊడ్చుకోమను. తునికాకు చిగురుకూ, గొర్రెల గడ్డికీ నిప్పు పెట్టేవాళ్ళుంటారు, వాళ్ళతోనూ అంతే. ఉపన్యాసం ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చినా.

మంట దగ్గరికి నైలాను చున్నీతో పోవద్దు, కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుదే కట్టుకో. రెండు సీసాల నీళ్ళు. బూటు లేసులు నూలువేనా?

బియ్యానికి ఆత్మకూరు వస్తావు కదా, బస్టాండు దగ్గర సిగ్నలు ఉంటుంది. ఒక్క మిస్డ్ కాల్ చాలు. మీ అమ్మ అడుగుతోంది, నేను కాదు.

నాయన