గేటు మీద ఎన్‌బీఏ అని ఉంటే సరిపోదండి, ఏ టియరో కూడా చెప్పించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది గుంటూరు జిల్లా అండి, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో టార్నీట్ అనే ఏరియాలో ఉంటున్నా, సివిల్ ఇంజనీర్‌ని. మీ పేపర్ రోజూ ఫోన్లో చదువుతా. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ టైమ్ వచ్చిందంటే కాలేజీల యాడ్లు ఫుల్ పేజీలు వస్తాయి కదా, ప్లేస్‌మెంట్లు, ప్యాకేజీలు, న్యాక్ గ్రేడు, హాస్టల్ ఫొటోలు అన్నీ ఉంటాయి. ఒక్క ముక్క మాత్రం ఎక్కడా ఉండదు, ఆ కోర్సుకి ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) ఇచ్చిన గుర్తింపు ఏ టియర్‌దో, అంటే ఏ తరగతిదో. ఆ ముక్క తెలీక మా అక్క కొడుకు ఇప్పుడు పడుతున్న అవస్థ చూశాక ఈ లెటర్ రాయకుండా ఉండలేకపోయా.

మావాడు మెకానికల్, 2023లో పాసయ్యాడు, ఇక్కడికి స్కిల్డ్ వీసా మీద రావాలని చూస్తున్నాడు. దానికి ముందు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ మన డిగ్రీ, పని చూసి వీడు ఇంజనీరే అని తేల్చాలి, స్కిల్స్ అసెస్‌మెంట్ అంటారు. (సీఎస్‌ఈ పిల్లలది వేరు, వాళ్ళది ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ చూస్తుంది. నేను చెప్పేది సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్ళ సంగతి.) ఒకరోజు ఫోన్ చేసి "మావయ్యా, మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది, గేటు మీద బోర్డు కూడా పెట్టారు, ఇంక నాకు సీడీఆర్ అక్కర్లేదు కదా" అన్నాడు. (సీడీఆర్ అంటే కాంపిటెన్సీ డెమాన్‌స్ట్రేషన్ రిపోర్ట్, మనకి పని వచ్చని మనమే రాసి చూపించే రిపోర్టు.) ఏ టియర్ రా అన్నా. "టియర్ అంటే ఏంటి మావయ్యా" అన్నాడు. నాలుగేళ్ళు ఫీజు కట్టి చదివిన పిల్లాడు అడిగిన మాట అది, వాడి తప్పేం లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు.

సంగతి ఏంటంటే వాషింగ్టన్ అకార్డ్ అని ఒక ఒప్పందం ఉంది, 1989లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్ కలిసి పెట్టుకున్నాయి, ఒకరి ఇంజనీరింగ్ డిగ్రీని ఇంకొకరు సమానంగా చూడటానికి. మన ఎన్‌బీఏ ద్వారా ఇండియా 2014 జూన్‌లో పూర్తి సభ్యత్వం తెచ్చుకుంది. కానీ అందులోకి వచ్చేది టియర్-1 కింద అక్రెడిటేషన్ ఉన్న కోర్సులు మాత్రమే, అంటే యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీలు. మామూలు అఫిలియేటెడ్ కాలేజీలకి ఇచ్చేది టియర్-2, అది ఇండియా లోపల పనికొస్తుంది గానీ అకార్డ్‌లోకి రాదు. పైగా ఇది కాలేజీ మొత్తానికి ఇచ్చేది కాదు, బ్రాంచ్ బ్రాంచ్‌కీ వేరు, ఒకే కాలేజీలో ఈసీఈకి ఉండి సివిల్‌కి లేకపోవచ్చు, మళ్ళీ దానికి గడువు ఉంటుంది, పిల్లాడు పాసైన సంవత్సరం ఆ గడువులో పడాలి. న్యాక్ గ్రేడుకీ దీనికీ సంబంధమే లేదు. ఇవన్నీ మనోళ్ళకి ఎక్కడ తెలుస్తాయండి, సీటు తీసుకున్నప్పుడు కాదు, ఇంకో దేశం అప్లికేషన్ నింపేటప్పుడు తెలుస్తాయి, అప్పటికి చేసేదేం ఉండదు.

అకార్డ్‌లో ఉంటే సర్టిఫికెట్లు, ట్రాన్‌స్క్రిప్టు, ఇంగ్లిష్ స్కోరు పెడితే పని చాలావరకు అయిపోతుంది. లేకపోతే సీడీఆర్ రాయాలి. అందులో మనం చేసిన పని మీద మూడు కెరీర్ ఎపిసోడ్లు, ఒక్కోటి 1000 నుంచి 2500 పదాలు, పేరా పేరాకీ నంబర్ వేసి, ఇది లెక్క కట్టింది నేను, ఇక్కడ తప్పు కనిపెట్టింది నేను, ఇలా మార్చింది నేను అని రాయాలి. నేను 2012 బ్యాచ్, అప్పటికి ఇండియా అకార్డ్‌లోనే లేదు కాబట్టి నాకు వేరే దారి లేదు, నేనే కూర్చుని రాసుకున్నా. రెండు నెలలు పట్టింది. మొదటి డ్రాఫ్ట్ అంతా "మేము డిజైన్ చేశాం, మేము సైట్‌కి వెళ్ళాం" అనే ఉంది, ఎందుకంటే మనం మాట్లాడేదే అలా కదా, పెద్ద ఇంజనీర్ గారిని పక్కన పెట్టి నేను చేశా అని రాయడానికి చెయ్యి రాలేదు. అన్నీ కొట్టేసి మళ్ళీ రాశా.

ఇప్పుడు మావాడికి ఏమైందో చెప్తా. సీడీఆర్ తప్పదని తెలిశాక హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే 60 వేలు ఇస్తే మేమే రాసిపెడతాం అన్నారంట. సగం కట్టాడు. వాళ్ళు పంపిన ఫైల్ నాకు ఫార్వర్డ్ చేస్తే చదివా, అందులో మావాడు ఒక షాపింగ్ మాల్‌కి ఏసీ డక్టింగ్ మొత్తం డిజైన్ చేసినట్టు ఉంది. వాడు పనిచేసేది పంపులు తయారుచేసే కంపెనీలో! ఆ రాతే పేర్లు మార్చి ఇంకెంతమందికి ఇచ్చారో. ఇంజనీర్స్ ఆస్ట్రేలియా వాళ్ళు ప్రతి సీడీఆర్‌నీ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తారు, కాపీ అని తేలితే అప్లికేషన్ కొట్టేసి కొంతకాలం మళ్ళీ పెట్టకుండా నిషేధిస్తారు, ఆ మచ్చ వీసా దాకా వెంటాడుతుంది. కన్సల్టెన్సీ వాడికి పోయేదేం లేదు, పోయేది పిల్లాడి పేరు.

పిల్లలకి పని రాక ఇలా చేస్తున్నారని ఎవరూ అనుకోకండి, నాకు బాధ కలిగించేది అదే. నేను పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీద 2018లో వచ్చా, ఏడు నెలలు ఉద్యోగం లేదు, రాత్రి ట్రుగనినాలో ఒక గోడౌన్‌లో ప్యాలెట్లు సర్దడం, పగలు అప్లికేషన్లు. ఎక్కడికెళ్ళినా లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అనే ప్రశ్నే. ఆఖరికి ఒక చిన్న స్ట్రక్చరల్ ఆఫీసులో ఇంటర్వ్యూకి పిలిచారు. అక్కడ పెద్దాయన మెల్‌బోర్న్ పడమటి వైపు బంకమట్టి గురించి అడిగాడు, వానకి ఉబ్బుతుంది ఎండకి బీటలిస్తుంది, ఇళ్ళ గోడలు పగులుతాయి, ఇలాంటి నేల మీద ఎప్పుడైనా పనిచేశావా అని. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చిందండి. అది మా నల్లరేగడే కదా! ఎండాకాలం మా పత్తి చేలో బీటలోకి చెయ్యి మోచేతి దాకా దిగుతుంది, చిన్నప్పుడు పెట్టి చూసేవాళ్ళం. మన దగ్గర అలాంటి నేలలో అండర్ రీమ్డ్ పైల్ వేస్తాం, అడుగున బల్బులాగా ఉబ్బుగా తవ్వి కాంక్రీట్ పోస్తాం, పైన మట్టి ఎంత కదిలినా ఇల్లు లేవకుండా కింద పట్టుకుంటుంది. ఒక కాగితం తీసుకుని బొమ్మ వేసి చూపించా. ఇక్కడ ఇళ్ళకి ఎక్కువగా వాఫిల్ స్లాబ్ (అడుగున గళ్ళు గళ్ళుగా దూలాలుండే కాంక్రీట్ పునాది పలక) వేస్తారు, ఆయన ఆ కాగితం వెనకవైపు అది గీసి చూపించాడు, గంటసేపు మట్టి గురించే మాట్లాడుకున్నాం. ఆరేళ్ళ అనుభవం ఉన్నా గ్రాడ్యుయేట్ పోస్టులోనే (కొత్తగా పాసైనవాళ్ళకి ఇచ్చేది) తీసుకున్నారు, అయినా తీసుకున్నారు. మన కాంక్రీట్ డిజైన్ కోడ్ ఐఎస్ 456 వాడినోడికి ఇక్కడి కోడ్ ఏఎస్ 3600 నేర్చుకోవడం కొన్ని నెలల పని. మనం కాంక్రీట్‌ని క్యూబ్ పోసి పగలగొడతాం, ఇక్కడ సిలిండర్ పోసి పగలగొడతారు, ఆ తేడా గుర్తుంచుకోవాలి, ఇలాంటివి ఇంకొన్ని ఉంటాయి అంతే.

కాబట్టి పని వచ్చు, అడ్డం పడేది కాగితం. ఆ కాగితం సంగతి ఇక్కడ కాదు, మన ఊళ్ళో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజే తేలిపోతోంది. ఇక్కడ ఇంజనీర్ల రిజిస్ట్రేషన్ చట్టాలు కూడా బిగుస్తున్నాయి, క్వీన్స్‌ల్యాండ్‌లో 1930 నుంచే ఉంది, మా విక్టోరియాలో 2021 జులై నుంచి విడతలవారీగా తెచ్చారు, అక్కడా డిగ్రీ ఏంటన్నది అడుగుతారు.

నేను అడిగేది పెద్ద ఖర్చున్న పని కాదండి. కౌన్సెలింగ్ లిస్టులో కాలేజీ కోడ్, జిల్లా, కో-ఎడ్యా కాదా, ఏ యూనివర్సిటీ, ఫీజెంత అని అన్నీ వేస్తారు కదా, పక్కన ఇంకో కాలమ్ పెట్టి ఈ బ్రాంచ్‌కి ఎన్‌బీఏ ఉందా, టియర్ ఎంత, ఏ సంవత్సరం దాకా అని వెయ్యమనండి. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్ళూ తల్చుకుంటే అయ్యే పనే, ఆ లిస్టు ఎన్‌బీఏ దగ్గర ఉన్నదే. కాలేజీ యాడ్‌లో ఎన్‌బీఏ అని వేసుకుంటే టియర్ కూడా వెయ్యాలని మీ పత్రికలే ఒక రూల్ పెట్టుకుంటే ఇంకా మంచిది. అలాగే ఏపీలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ, తెలంగాణలో విదేశీ ఉద్యోగాల కోసం టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, సీడీఆర్ ఎలా రాసుకోవాలో తెలుగులో ఒక క్లాసు పెడితే పిల్లలు కన్సల్టెన్సీల గుమ్మం ఎక్కే పనుండదు. పాఠం చెప్పడానికి మనిషి కావాలంటే నేను శనివారాలు ఖాళీ, డబ్బులేం వద్దు.

మావాడు కట్టిన సగం డబ్బు వదిలేసుకున్నాడు. ఇప్పుడు రోజూ రాత్రి వాడి పంపుల పని గురించి వాడే రాస్తున్నాడు, మొన్న మొదటి ఎపిసోడ్ పంపాడు, ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) ఎందుకు అరుగుతోందో ఎలా కనిపెట్టాడో అందులో రాశాడు, చాలా బాగుంది, అక్కడక్కడా "మేము" ఉంది, దిద్ది పంపించా. మా చెల్లెలి కూతురు వచ్చే ఏడాది ఈఏపీసెట్ రాస్తోంది, సివిల్ తీసుకుంటానంటోంది. ఆ పిల్ల ఆప్షన్లు పెట్టుకునే లోపైనా ఆ కాలమ్ వచ్చేలా మీ పేపర్ గట్టిగా అడగాలని కోరుతున్నా.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజనీర్,
టార్నీట్, మెల్‌బోర్న్
(స్వస్థలం గుంటూరు జిల్లా)