వంకాయ కాళ్లు, టమాటా తల

ఒరే సుబ్బూ,

నీ ఉత్తరమొచ్చి పదిహేను రోజులైంది, తిట్టుకోకు. గోదారి లంక మీదకొచ్చి నాలుగు రోజులు కూర్చుంది. నీరు తీశాక చూస్తే టమాటా అంతా వడిలి వాలిపోయింది. పక్క మడిలో వంగ మాత్రం ఆకులకి బురద పూసుకుని అలాగే నిలబడుంది. విడ్డూరమేంటంటే, సరదాకి నాటిన రెండు వరసల అంటు టమాటా కూడా బతికింది. దాని మొదలు వంగది, పైకొమ్మ టమాటాది. అమ్మ చూసి "కాళ్లొకరివీ, తలొకరిదీనా!" అని ముక్కున వేలేసుకుంది.

అంటు అతికిందంటే చుట్టాలేగా. ఎంత దగ్గరో చూద్దామని చదవడం మొదలెట్టా. ఇహ నీకు తప్పదు, విను.

ఊదా పూలు చూసి బంగాళాదుంప, వంగ అక్కచెల్లెళ్లనుకునేవాణ్ణి. కాదట. టమాటా, బంగాళాదుంపే ఒక గూటివి, దక్షిణ అమెరికావి. వంగ మన ఆసియా వైపుది, దూరపు వరస. మిరప ఇంకా దూరం, మన లంక పొగాకు అంతకన్నా దూరం.

ఎలా తేల్చారంటావా? బళ్లో నా పేపరు చూసి రాసి, గోదారి నాగపూర్లో పుట్టిందని నువ్వూ రాశావు, గుర్తుందా? ఒప్పులు అందరివీ ఒకటే, పట్టించింది ఆ తప్పే. డీఎన్‌ఏలోనూ అంతే. ఒకే జన్యువుని అన్ని మొక్కల్లోంచీ తీసి, అక్షరం అక్షరం పక్కపక్కన పెడతారు. ఒకే చోట ఒకే మార్పు రెండింటిలో మళ్లీ మళ్లీ కనబడితే, అది ఒకే తాత నుంచి వచ్చిందని లెక్క.

మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ 1753లో టమాటాని వంగ, బంగాళాదుంపలున్న సొలానమ్ అనే ప్రజాతిలోనే పెట్టాడు. మరుసటేడే మిల్లర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు టమాటా చేత వేరు కాపురం పెట్టించాడు. 1993లో స్పూనర్ అనే శాస్త్రవేత్త బృందం హరితరేణువుల (ఆకుకి పచ్చదనమిచ్చే రేణువులు) డీఎన్‌ఏ చూసి మళ్లీ పుట్టింటికి తెచ్చింది. దాదాపు రెండున్నర శతాబ్దాల కాపురంరా!

అయితే హరితరేణువు మామూలుగా తల్లివైపు నుంచే వస్తుంది. అదొక్కటే చూస్తే తండ్రి ఊసే తెలీదు. పొగాకునే చూడు. రెండు అడవి జాతులు కలిసి పుట్టింది కాబట్టే టమాటాకి 12 జతల క్రోమోజోములుంటే దానికి 24. బంగాళాదుంప కథ ఇంకా తమాషా. 2025లో మొత్తం జన్యువులన్నీ చూసి చెప్పారు: సుమారు 90 లక్షల ఏళ్ల కిందట టమాటా పూర్వీకులకీ, ఎట్యుబెరోసమ్ అనే మొక్కలకీ సంకరమైతే పుట్టిందట. ఆ రెండింటికీ దుంప లేదు! దుంప ఊరడానికి కావలసిన కీలక జన్యువులు ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి. దుంపలేని రెండిళ్లు వియ్యమందితే పిల్లకి దుంపొచ్చిందన్నమాట. నేనీ ముక్క రెండుసార్లు చదువుకున్నా.

సరే, అసలు పని. మదనపల్లెలో ఉస్తికాయ చెట్లు మీ కంచెల వెంటే ఉంటాయన్నావుగా. వంగకి వాటి మొదలు మీద అంటు కడతారు. పండిన కాయలు నాలుగు ఆరబెట్టి గింజలు కవర్లో పంపు. అమ్మకి చెప్పకు, మళ్లీ ముక్కు మీద వేలేసుకుంటుంది.

నీ
రాంబాబు