జాన్ బేలియల్‌కు జరిగిన అన్యాయం చాలదా?

సంపాదకుడు గారికి,

ఈ నెల మొదట్లో మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లాండ్ రాజు జాన్ బేలియల్ గురించి వచ్చిన పూర్తి పేజీ వ్యాసం చదివాను. ఎవరైనా తెలిసినవారు సవరణ రాస్తారేమో, మీరు వేస్తారేమో అని ఆ తరువాతి అనుబంధం కూడా తిరగేశాను. ఒక్క వాక్యమూ కనిపించకపోవడంతో ఈ లేఖ రాయక తప్పడం లేదు. బేలియల్ పిరికితనంతో దేశాన్ని ఇంగ్లండుకు అప్పగించాడనీ, ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లాండ్ మీద తరతరాలుగా ఉన్న అధిరాజు హక్కునే అమలు చేశాడనీ ఆ వ్యాసం తేల్చేసింది. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటీ నిలబడదు.

ముందు ఆ తరతరాల హక్కు సంగతి చూద్దాం. 1174లో స్కాట్లాండ్ రాజు విలియం ది లయన్ ఆల్నిక్ దగ్గర ఇంగ్లిషు వారికి పట్టుబడి, బందీగా ఉన్న స్థితిలో, ఫలేజ్ ఒప్పందం ద్వారా తన రాజ్యాన్ని ఇంగ్లండు రాజు రెండవ హెన్రీకి సామంత రాజ్యంగా ఒప్పుకున్న మాట నిజమే. అయితే 1189లో హెన్రీ కొడుకు రిచర్డ్, క్రూసేడు (మతయుద్ధం) ఖర్చులకు సొమ్ము కావలసి వచ్చి, 10,000 మార్కులు (మార్కు ఆనాటి నగదు లెక్క) పుచ్చుకుని ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. డబ్బు తీసుకుని వదులుకున్న హక్కు నూరేళ్ల తరువాత మళ్లీ ఎక్కడి నుంచి వచ్చింది? 1278లో స్కాట్లాండ్ రాజు మూడవ అలెగ్జాండర్ ఇదే ఎడ్వర్డ్ ఎదుట, ఇంగ్లండులో తనకున్న భూములకే విధేయత ప్రకటిస్తున్నాననీ, తన రాజ్యం విషయంలో దేవుడికి తప్ప మరెవరికీ బద్ధుడిని కాననీ చెప్పినట్లు స్కాట్లాండ్ వారి పత్రాల్లో ఉంది. దీని ప్రస్తావన కూడా వ్యాసంలో లేదు.

1286లో అలెగ్జాండర్ గుర్రం మీద నుంచి పడి చనిపోవడం, 1290లో ఆయన వారసురాలైన పసిపిల్ల మార్గరెట్ నార్వే నుంచి వస్తూ ఆర్క్నీలో కన్నుమూయడం అందరికీ తెలిసినవే. ఆ పిల్లను తన కొడుక్కి చేసుకుందామనుకున్న రోజుల్లో, స్కాట్లాండ్ స్వేచ్ఛకు భంగం రానివ్వననీ, అక్కడి వ్యాజ్యాల కోసం అక్కడి మనుషులను దేశం వెలుపలికి రప్పించననీ బర్గమ్ ఒప్పందంలో మాట ఇచ్చింది ఎడ్వర్డే. పిల్ల పోగానే ఆ మాటా పోయింది. 1291లో నోరమ్‌లో తనను అధిరాజుగా ఒప్పుకోమని అడిగినప్పుడు, తమకు రాజు లేడనీ, రాజు తరఫున ఆ జవాబు ఇచ్చే అధికారం తమకు లేదనీ స్కాట్లాండ్ పెద్దలు చెప్పారు. దాంతో ఎడ్వర్డ్ పెద్దలను వదిలి, సింహాసనం కోసం పోటీపడుతున్నవారి చేతనే ఒప్పించుకున్నాడు. అలా ఒప్పుకున్నవారిలో బ్రూస్ వంశం వారూ ఉన్నారు, తప్పంతా బేలియల్ ఒక్కడిదే అన్నట్లు రాయడం ధర్మం కాదు.

104 మంది విచారకులు కూర్చున్న ఆ వివాదంలో, రాజవంశీకుడైన డేవిడ్ పెద్ద కూతురి సంతతి అన్న వరుసలో బేలియల్‌కు 1292 నవంబరులో న్యాయంగానే తీర్పు వచ్చింది. పట్టాభిషేకమై వారం తిరిగేసరికి, రోజర్ బార్తొలొమ్యూ అనే, అప్పట్లో స్కాట్లాండ్‌దైన బెరిక్ పట్టణవాసి తన కేసులో ఇచ్చిన తీర్పుల మీద నేరుగా ఎడ్వర్డ్ దగ్గరకు అప్పీలుకు వెళ్లాడు, ఎడ్వర్డ్ దాన్ని స్వీకరించాడు. బేలియల్ బర్గమ్ ఒప్పందాన్ని గుర్తు చేస్తే, 1293 జనవరిలో ఎడ్వర్డ్ ఆయన చేతనే ఆ ఒప్పందం చెల్లదని రాయించుకున్నాడు. ఆ తరువాత ఫైఫ్ ప్రభువుల కుటుంబానికి చెందిన మక్‌డఫ్ వేసిన భూమి అప్పీలులో, సాక్షాత్తూ రాజునే ఇంగ్లండు పార్లమెంటు ముందుకు పిలిపించాడు. తన రాజ్యంలోని పెద్దలను సంప్రదించకుండా జవాబు చెప్పలేనని బేలియల్ అక్కడ మొదట నిలబడ్డాడు. మూడు ముఖ్యమైన కోటలు, వాటి పట్టణాలు జప్తు చేస్తామని బెదిరించాకే తలవంచాడు. వ్యాసకర్తకు ఆ తలవంచడం ఒక్కటే కనిపించింది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది, అదే సమయంలో ఎడ్వర్డ్ ఏం చేస్తున్నాడో వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేకపోవడం. ఫ్రాన్సులో తన ఏలుబడిలో ఉన్న గాస్కనీ ప్రాంతం విషయంలో ఎడ్వర్డ్ స్వయంగా ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్‌కు సామంతుడు. రెండు దేశాల నావికుల గొడవల మీద సంజాయిషీ చెప్పుకోవడానికి పారిస్ రమ్మని ఫిలిప్ పిలిస్తే ఎడ్వర్డ్ వెళ్లలేదు, తమ్ముణ్ణి పంపి సరిపెట్టాడు. 1294లో ఫిలిప్ గాస్కనీని జప్తు చేస్తే విధేయతనే తెంచుకుని యుద్ధానికి దిగాడు. ఆ యుద్ధానికే సైన్యంతో రమ్మని స్కాట్లాండ్ రాజుకూ ప్రభువులకూ ఆజ్ఞ పంపాడు. రెండేళ్ల తరువాత, స్కాట్లాండ్‌కు ఫ్రాన్సుతో పొత్తు కుదిరాక, బేలియల్ ఎడ్వర్డ్‌కు విధేయతను నిరాకరిస్తూ లేఖ పంపితే అది ద్రోహమైంది. తన అధిరాజును ధిక్కరించినవాడికి, తన సామంతుడు ధిక్కరిస్తే శిక్షించే నైతిక హక్కు ఎక్కడిది?

అప్పటికే 1296 మార్చి నెలాఖరులో ఎడ్వర్డ్ సైన్యం బెరిక్ పట్టణంలో సామాన్య జనాన్ని ఊచకోత కోసింది. ఏప్రిల్‌లో డన్‌బార్ దగ్గర స్కాట్లాండ్ సేన ఓడిపోయింది. జూలైలో బేలియల్ లొంగిపోయినప్పుడు, ఆయన ఒంటి మీది అంగీకి కుట్టి ఉన్న రాజచిహ్నాన్ని అందరి ఎదుట పీకేశారు. ‘ఖాళీ అంగీ’ అన్న ఎగతాళి పేరు ఆయనకు అలా అంటుకుంది. నిస్సహాయుడిగా నిలబెట్టి అవమానించిన ఘటన నుంచి పుట్టిన ఆ పేరును మీ అనుబంధం పెద్ద అక్షరాల్లో శీర్షికగా పెట్టడం నాకు మనస్తాపం కలిగించింది. అదే యుద్ధంలో ఎడ్వర్డ్ తరఫున కార్లైల్ కోటను కాపాడినవాడు, తరువాత స్కాట్లాండ్ రాజైన, వ్యాసం అంతగా పొగిడిన రాబర్ట్ బ్రూస్‌కు తండ్రి. ఆ తరువాత ఇంగ్లండు మీద తిరగబడిన స్కాట్లాండ్ నాయకుడు వాలెస్ పోరాడింది, పాలించింది కూడా బేలియల్ పేరు మీదే, 1298 నాటి ఆయన దానపత్రంలో రాజుగా జాన్ పేరే ఉంది. పిరికివాడని దేశమంతా అసహ్యించుకున్న రాజు పేరుతో ఎవరైనా పాలన సాగిస్తారా?

సంపాదకుడు గారూ, పూర్వం పత్రికల్లో చరిత్ర వ్యాసం వేయాలంటే ఆ విషయం చదివినవారికి ఒకసారి చూపించేవారు. ఇప్పుడు గెలిచినవారి మాటలనో, సినిమా కథనో తెలుగు చేసి, బొమ్మ పెట్టి పేజీ నింపేస్తున్నారు. నేను చరిత్ర పాఠం చెప్పిన పిల్లలే రేపు ఈ పేజీని కత్తిరించి పోటీ పరీక్షలకు దాచుకుంటారు. నాకున్న ఆందోళన అదే. సంవత్సరాలు, పేర్లు తప్పులు లేకుండా వేసినంత మాత్రాన సరిపోదు, ఒక మనిషి మీద తీర్పు చెప్పేటప్పుడు ఎదుటివాడు చేసిందేమిటో కూడా చెప్పాలి.

ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అంతే స్పష్టంగా కనిపించేలా, ఫలేజ్ ఒప్పందం రద్దయిన సంగతినీ, గాస్కనీ వివాదాన్నీ చేర్చి సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు,
తెనాలి