వార్షిక నివేదిక: స్పానర్ కంటే ముందు మీటర్

సభ్యులందరికీ నమస్కారం.

పాత స్పోర్ట్స్ కార్లను సొంతంగా బాగుచేసుకునే మన సంఘం ఈ ఏడాది చేసిన పనుల వివరాలు ఇవి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. అందులో చెప్పుకోదగ్గ కొత్త ఖర్చు రెండో మల్టీమీటర్ ఒక్కటే. అది ఎందుకు కొన్నామో కింద చదివితే మీకే తెలుస్తుంది.

నెలవారీ రిపేరు సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. వచ్చిన కార్లు చాలావరకు ఎనభైలు, తొంభైల నాటివి. వాటిని చూశాక కమిటీకి ఒక సంగతి స్పష్టమైంది. ఈ కార్లను తిరిగిన కిలోమీటర్ల కంటే వయసే ఎక్కువగా దెబ్బతీస్తోంది. పిస్టన్లు, బేరింగులు బాగానే ఉంటున్నాయి. పచ్చబారిన టెర్మినల్, ఎండి బీటలువారిన రబ్బరు గొట్టం, పట్టు వదిలిన సోల్డర్ దగ్గరే కథంతా నడుస్తోంది. మనమేమో అనుమానం రాగానే పెద్ద పార్టు మార్చేస్తున్నాం.

దీనికి మంచి ఉదాహరణ ఒక సభ్యుడి కారు. బాగానే నడుస్తూ నడుస్తూ, వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయేది. కాసేపు చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మన దగ్గరికి వచ్చేసరికే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, ఇగ్నిషన్ కాయిల్ మూడూ కొత్తవి. జబ్బు మాత్రం పాతదే. ఇలాంటి కారును చల్లగా ఉన్నప్పుడు ఎంత పరీక్షించినా లాభం లేదు, దొంగ దొరకడు. అందుకే బానెట్ మూసి, ఐడిల్‌లో వదిలేసి, అది ఆగిపోయేదాకా కూర్చున్నాం. ఆగిన వెంటనే తేల్చాల్సింది ఒక్కటే: పోయింది స్పార్కా, పెట్రోలా? టెస్టర్ పెట్టి క్రాంక్ చేస్తే (అంటే స్టార్టర్ తిప్పితే) స్పార్క్ పడుతోంది. పంపు చప్పుడు మాత్రం లేదు. పంపు కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టి మళ్లీ క్రాంక్ చేస్తే సున్నా వోల్టులు. అంటే పంపు తప్పేమీ లేదు, దాని దాకా కరెంటే రావడం లేదు. ఫ్యూజు బాగుంది. రిలేను (పంపుకు కరెంటు కలిపే స్విచ్చును) స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టి క్రాంక్ చేయగానే పంపు గుయ్యిమంది.

రిలే మూత ఊడదీసి భూతద్దంతో చూస్తే, ఒక పిన్ను చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత సన్నని పగులు గుండ్రంగా కనిపించింది. వేడికి ఆ పగులు విచ్చుకుంటుంది, చల్లారితే మళ్లీ అతుక్కున్నట్టే ఉంటుంది. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది పెట్టాం, కారు నడిచింది. ఆ రోజుల నాటి కార్లలో ఈ రిలే జబ్బు చాలా మామూలు. ఆ సభ్యుడు తర్వాత కొత్త రిలే వేసుకుని, మనం అతికిన దాన్ని డాష్‌బోర్డు అరలో స్పేర్‌గా ఉంచుకున్నారు. మిగతావారూ ఒక స్పేర్ రిలే దగ్గర పెట్టుకుంటే దారిలో టెన్షన్ తగ్గుతుంది.

ఆ రోజు నుంచి, సంఘం దగ్గరున్న ఒక్క మల్టీమీటర్ కోసం సభ్యులు వరుస కట్టడం మొదలైంది. స్టార్టర్ నీరసంగా తిరుగుతోందంటూ వచ్చిన మరో కారుకు అప్పటికే రెండు బ్యాటరీలు మారాయి. ఆ సభ్యుడు ఎర్త్ వైరు తెగిందో లేదో మీటర్ బీప్ పరీక్షతో చూసుకున్నారు, బీప్ వచ్చింది కాబట్టి బాగుందనుకున్నారు. వైరులో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. ఎందుకంటే ఆ పరీక్షలో మీటర్ పంపేది లేశమంత కరెంటు. స్టార్టర్ లాగేది వంద ఆంపియర్ల పైమాటే. కాబట్టి మీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పండి. ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద శుభ్రమైన లోహానికి ఆనించి, ఎవరినైనా క్రాంక్ చేయమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే సరే. ఆ కారులో ఒక వోల్టు దాటింది. ఎర్త్ వైరు కొన విప్పి, తుప్పు గీకి, బిగించేసరికి స్టార్టర్ హుషారుగా తిరిగింది.

ఫాల్ట్ కోడ్‌ల మీద ఒక ప్రత్యేక తరగతి పెట్టాం. స్కానర్ పనిచేయడం లేదన్న ఫిర్యాదు ఎక్కువైంది కాబట్టి. ఓబీడీ-2 (కారు కంప్యూటర్ గుర్తించిన తప్పుల కోడ్‌లను స్కానర్‌కు చెప్పే ఉమ్మడి పద్ధతి) అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరైంది, ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001 నుంచి. అంతకుముందు కార్లు చాలావాటికి స్కానర్ బదులు చిన్న వైరు ముక్క చాలు. ఆ కాలపు టొయోటాల్లో డయాగ్నస్టిక్ బాక్సులో టీఈ1, ఈ1 టెర్మినళ్లను కలిపి తాళం తిప్పితే చెక్ ఇంజన్ లైటు మినుకుమంటూ కోడ్ చెబుతుంది. మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5లో టీఈఎన్, జీఎన్‌డీ కలిపాకే టైమింగ్ లైటు (స్పార్క్ పడే క్షణాన్ని చూపే దీపం) పెట్టాలి. అప్పుడు ఐడిల్‌లో గుర్తు టీడీసీకి (పిస్టన్ పై కొసకు చేరే స్థానానికి) 10 డిగ్రీల ముందు ఉండాలి. కలపకుండా చూస్తే కంప్యూటర్ సర్దిన టైమింగ్ కనిపిస్తుంది, మనం లేని తప్పును దిద్దుతాం.

ఐడిల్ ఎగుడుదిగుడుగా ఉంటే వ్యాక్యూమ్ లీకు (ఇంజన్‌లోకి అదనపు గాలి దూరే సందు) కోసం గొట్టాల మీద కార్బ్ క్లీనర్ కొట్టే అలవాటుపై సభ్యుల మధ్య వాదన జరిగింది. పద్ధతి పనిచేస్తుంది, కాదనం. కానీ వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడాన్ని కమిటీ ఒప్పుకోదు. మన సమావేశాల్లో ఇకపై పొగ పరీక్ష (గొట్టాల్లోకి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) మాత్రమే.

టైమింగ్ బెల్టుల సంగతి విడిగా చెప్పాలి. మొదటి తరం ఎంఎక్స్-5లో బెల్టు తెగితే కారు ఆగిపోతుంది, అంతే. పోర్షే 944లో తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లకు గుద్దుకుంటాయి. కాబట్టి కారు కొన్నప్పుడు పాత యజమాని "ఈమధ్యే మార్చాం" అంటే, బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. 944 బెల్టు బిగువు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, గేజుతో చూడాలి. వేలితో నొక్కి సరేననుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

భద్రత విషయంలో ప్రమాదాలేవీ జరగలేదు. జాక్ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదన్న నియమం కొనసాగుతుంది, ఎవరికీ మినహాయింపు లేదు. టైర్ల తనిఖీ రోజున మాత్రం కంగుతిన్నాం. టైరు పక్క గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. 2314 అంటే 2014లో 23వ వారం. ఒక కారు టైర్ల మీద మూడంకెలే ఉన్నాయి, అంటే అవి 2000కు ముందు తయారైనవి. గాడులు కొత్తవాటిలా ఉండటంతో ఎవరూ పట్టించుకోలేదు. ఆ కారు ట్రైలర్ మీదే ఇంటికెళ్లింది.

బ్రేక్ ఫ్లూయిడ్ గురించి ఒక్క మాట. డాట్ 5 సిలికాన్, డాట్ 5.1 మాత్రం డాట్ 4 లాగే గ్లైకాల్. పేర్లు పక్కపక్కనే ఉన్నా ఈ రెండింటినీ కలపకూడదు. డబ్బా మీద అంకె పూర్తిగా చదివాకే పోయండి.

పైకి లేవని పాప్-అప్ హెడ్‌లైట్ల కోసం ఈసారీ చాలామంది వచ్చారు. చాలా కార్లలో మోటారు మీద రబ్బరు టోపీ కింద చేత్తో తిప్పే నాబ్ ఉంటుంది. ముందు ఫ్యూజు తీసి, తర్వాత తిప్పండి. లేదంటే మోటారు ఒక్కసారిగా తిరిగి వేళ్లు నలుగుతాయి.

వచ్చే ఏడాది సోల్డరింగ్ తరగతి, కూలింగ్ సిస్టమ్‌లో గాలి తీసే తరగతి పెట్టాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తాయి. ఉమ్మడి పనిముట్ల పెట్టెను చూసుకునే బాధ్యతకు ఇద్దరు స్వచ్ఛందంగా ముందుకు రావాలి.

టార్క్ రెంచ్ ఇంటికి తీసుకెళ్లేవారికి మనవి: వాడాక స్కేలును కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి, అంతకంటే కిందికి తిప్పకండి. బిగించిన చోటే వదిలేస్తే స్ప్రింగు లెక్క తప్పుతుంది. బిగిసిన బోల్టులు విప్పడానికి దాన్ని వాడకండి, అందుకు పొడవాటి బ్రేకర్ బార్ పెట్టెలోనే ఉంది.

ఇట్లు,
కార్యదర్శి